‘కల్ల’ కింద ఒత్తు కోసం బందరు దాకా

“పది రోజుల్లో తెచ్చి నీ చేతిలో పెడతాను,” అన్నాడు. విజయవాడ భవానీపురంలో మేం అద్దెకున్న ఇంటి అరుగు మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి మరీ అన్నాడు. ఆ పది రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు. ఈలోపు ఆయన లెక్చరరు నుంచి ప్రిన్సిపాలయ్యాడు, రిటైరయ్యాడు, ఊరూరా శాలువాలు కప్పించుకున్నాడు, పోయినేడు పోయాడు కూడా. పుస్తకం మాత్రం తిరిగివ్వలేదు. ఆయన పేరు ఇప్పుడే రాయను. పొద్దున్నే బయల్దేరిన ప్రయాణం గురించి చెప్పబోతూ మొదట్లోనే నోరు చేదు చేసుకోవడం ఎందుకు? ప్రస్తుతానికి లెక్చరరు గారు అందాం.

ఈ పేజీకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను మన ఆధునిక నవలల మొదటి ముద్రణలు పోగుచేస్తాను. తెలుగులో ఇది ఎంత దిక్కుమాలిన పనో దిగితే గానీ తెలియదు. పబ్లిషరు మారినప్పుడల్లా లోపలి పేజీలో ‘మొదటి ముద్రణ’ అని మళ్ళీ వేస్తారు. ఒకే నవలకి నా బీరువాలో నాలుగు మొదటి ముద్రణలున్నాయి. ఇదేంటయ్యా అని అడిగితే, “మాకిది మొదటిదేగా అండీ,” అంటారు. సంవత్సరం వేస్తే పాత సరుకులా కనిపిస్తుందని సంవత్సరమే వేయని మహానుభావులున్నారు. కాగితం కలిసొస్తుందని అధ్యాయం మధ్యలో రెండు పేరాలు ఎత్తేసినవాళ్ళున్నారు. అద్దె పుస్తకాల షాపుల వాళ్ళు రంగు అట్ట చించేసి, ఖాకీ అట్ట వేసి, అంచులు అక్షరాల దాకా కోసి కుట్టించేవాళ్ళు. వాళ్ళనేమీ అనను. వాళ్ళ వల్లే జనం చదివారు. చదువుకున్నవాళ్ళు చేసిన పాడు వేరే. ఏ ముద్రణ అయితేనేం, కథ ఒకటేగా అని నన్ను అడగని బంధువు లేడు. ఒకటే కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఉద్యోగరీత్యా నేను విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజులు. దివిసీమ నుంచి రాఘవయ్య గారని ఒకాయన ‘రెండో లాకు’ అనే నవల మా దగ్గరే వేయించుకున్నారు. కాలవలో నీళ్ళాపే లాకు తలుపులు ఎత్తి దించే లస్కరు కథ అది. ఒక రాత్రి లాకు తలుపులెత్తించి కింది పొలాలు ముంచింది ఊళ్ళో మోతుబర్లు. జైలుకెళ్ళింది లస్కరు. వాడే ఎత్తాడని ఊరు ఊరంతా కోర్టుకొచ్చి చెబుతుంది. శిక్ష పూర్తయి ఇంటికొచ్చిన తండ్రిని, ఈలోపు ఎదిగిపోయిన కూతురు అడుగుతుంది: “మరి వాళ్ళందరూ చెప్పిందేంటి నాన్నా?” ఆయన ఒక్క మాట అంటాడు. “కల్ల.” అక్కడితో నవల అయిపోతుంది.

కల్ల అంటే అబద్ధం. ల కింద ఉన్న ఆ చిన్న ఒత్తు తీసేయండి, కల అవుతుంది. సీసపు అచ్చులో ఒత్తు విడి ముక్క. బిగింపు వదులైతే రాలిపోతుంది. మూడో ప్రూఫులో అది నిజంగానే రాలిపోయింది. నేను పట్టుకున్నాను. రాఘవయ్య గారు నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. “ఆ ఒత్తు పోతే నా పుస్తకం పోయినట్టేనయ్యా,” అన్నారు. బైండింగు నుంచి కట్టలొచ్చిన రోజు అందులోంచి మొదటి కాపీ తీసి, ముందున్న తెల్లకాగితం మీద ‘ఒత్తు కాపాడినవాడికి’ అని రాసి, సంతకం పెట్టి నాకిచ్చారు. లెక్చరరు గారు పది రోజులకని పట్టుకెళ్ళింది ఆ కాపీనే.

మిగిలిన కట్టలు చాలావరకు రాఘవయ్య గారింట్లోనే ఉండేవి. ఒక తుఫానుకి ఉప్పునీళ్ళు నడుము దాకా వచ్చి అన్నీ ముద్దైపోయాయి. కొన్నాళ్ళకి ఆయనా పోయారు. ఆ తర్వాత లెక్చరరు గారు పూనుకుని, పది పేజీల ముందుమాట రాసి, రెండో ముద్రణ వేయించారు. అందులో చివరి మాట “కల.” ముందుమాట నిండా అదే మహత్తు. లస్కరు పగ వదిలేశాడట, కోర్టూ జైలూ అన్నీ కలగా చూడగలిగిన జ్ఞాని అయిపోయాడట. ఆ ముందుమాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ కల మీద పరిశోధనలు చేసి డాక్టర్లైనవాళ్ళని నేనెరుగుదును. అది కల్ల అని సభల్లో లేచి చెబితే, పెద్దాయన ఏదో అంటున్నాడు, మైకు తీసుకోండి అన్నారు. అచ్చులో ఒత్తు రాలిపోయి ఉంటుందనే నేనూ అనుకున్నాను. అక్షరాలు పేర్చిన, ముక్కూ మొహం తెలియని ఎవరో కంపోజిటర్ని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను.

ఇప్పుడు పటమటలో ఒక ప్రచురణ సంస్థ ఆ నవల మళ్ళీ వేస్తోంది. నేనుండేదీ పటమటే కాబట్టి నడిచి వెళ్ళాను. హారిక అనే అమ్మాయి అక్కడ ఎడిటరు. ఓపిగ్గా వింది. “మీ జ్ఞాపకం మీద నాకు గౌరవం ఉందండీ, కానీ మొదటి ముద్రణ చూపిస్తే తప్ప మార్చలేను. సోమవారం ప్రెస్సుకి వెళ్ళిపోతుంది,” అంది. తప్పు పట్టలేను. ఆధారం అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

శుక్రవారం సాయంత్రం పాత పుస్తకాల సుబ్బారావు దగ్గరికి వెళ్ళాను. విజయవాడలో పాత నవలల కోసం తిరిగేవాళ్ళకి ఇతను తెలిసే ఉంటాడు. తెలియకపోతే ఏలూరు రోడ్డులో నడుస్తూ, ధర అడిగితే ముందు మీ చెప్పులు చూసేవాడి దగ్గర ఆగండి. బందరులో మూతబడ్డ ఒక ప్రెస్సు బిల్డింగు కొనుక్కున్న వలల షాపావిడ, అటక మీది పాత పుస్తకాలు కొంటావా అని ఫొటోలు పంపిందట. అన్నీ గైడులే, ఆటో కిరాయి కూడా రాదని వదిలేశానంటూ ఫోను నా మొహం ముందు పెట్టాడు. గుట్ట పక్కన, ఎలుకలు అంచు కొరికిన ఒక అట్ట మీద, రెండు రంగుల్లో లాకు తలుపుల బొమ్మ. నా మొహంలో ఏం కనపడిందో ఏమో, సుబ్బారావు వెంటనే ఫోను వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ నంబరు నా చేతికొచ్చేసరికి నాకు అక్కర్లేని మూడు డిటెక్టివ్ నవలలు కొనాల్సొచ్చింది.

శనివారం ఆరున్నరకల్లా బస్టాండులో ఉన్నాను. పటమట వైపు ఉండేవాళ్ళు బందరు రోడ్డు మీద కూడా ఎక్కొచ్చు గానీ, అక్కడికొచ్చేసరికి సీటు దొరకదు. నా వయసువాళ్ళు బస్టాండులోనే ఎక్కడం మంచిది. టికెట్టు నూటయాభై లోపే, ప్రయాణం రెండు గంటలు పట్టదు. ఎడమవైపు కిటికీలో ఎండ కొడుతుంది, కుడివైపు కూర్చోండి. కంకిపాడు దాటాక ఇదివరకు రెండు పక్కలా చేలుండేవి, ఇప్పుడు ప్లాట్ల బోర్డులున్నాయి. ఉయ్యూరులో ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చుని, ఏ ఊరు, ఎవరింటికి అని ఆరాతీశాడు. ఒక నవల కోసమన్నాను. సినిమా తీస్తున్నారా అన్నాడు. లేదంటే, మరి సెల్లులో దొరకదా అన్నాడు. పామర్రులో దిగిపోయేదాకా నా వైపు జాలిగా చూస్తూనే ఉన్నాడు. దారి పొడుగునా కాలవలు వస్తూ పోతూ ఉంటాయి. మీరు నవల చదివి ఉంటే ఆ నీళ్ళు చూసి ఊరుకోలేరు. లెక్చరరు గారి అత్తవారి ఊరు కూడా అలాంటి ఒక లాకు పక్కనే. వాళ్ళూ అక్కడ మోతుబర్లే. అంతవరకే చెబుతాను.

బందరులో దిగి గిలకలదిండి వైపు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు శ్రీను. వలలు కొనడానికా బాబాయ్ గారూ అని అడిగాడు. పుస్తకానికన్నాను. కాసేపు అద్దంలో నన్ను చూసి, “వలల షాపులో పుస్తకం కొనేవాళ్ళు మీరు, పుస్తకాల షాపులో చేపలు అడుగుతారా?” అన్నాడు. ఈ ఊళ్ళో ఆటోవాళ్ళకి బేరం కుదిరాక హాస్యం ఉచితం. వెయిటింగుతో సహా మాట్లాడుకోండి, తిరిగొచ్చేటప్పుడు బళ్ళు తక్కువ.

షాపు ముందు నీలం, ఆకుపచ్చ నైలాను వలలు గుట్టలుగా ఉన్నాయి. గోడ మీద సున్నం కింద నుంచి పాత ప్రెస్సు పేరు ఇంకా సగం కనిపిస్తోంది. లోపల నాంచారమ్మ గారు స్టూలు మీద కూర్చుని ఫోనులో ఎవర్నో దులిపేస్తున్నారు. నలభై అయిదేళ్ళుంటాయి. సంగతి చెబితే, ఏ పుస్తకమో నాకు తెలియదు, అటక మీద పదిహేను గోతాలున్నాయి, బండి తెచ్చుకున్నారా అని అడిగారు. నాకు కావలసింది ఒక్కటేనని చెప్పాను.

“ఏరుకోవడాలు లేవండి మాస్టారూ,” అన్నారావిడ. “మా రేవులో చేపల వేలంపాట చూశారా ఎప్పుడైనా? పాట పెట్టాక బుట్ట బుట్టంతా ఎత్తుకోవాల్సిందే. పెద్దవి నాకు, చిన్నవి నీకు అంటే తంతారు. మంచిదొక్కటీ ఏరుకుని మీరెళ్ళిపోతే మిగతా చెత్త నేనేం చేసుకోను? వానాకాలానికి అటక ఖాళీ అవ్వాలి నాకు.”

నేను కోప్పడ్డాను. పుస్తకం చేప కాదమ్మా అన్నాను. చేప అయితే ఈపాటికి కంపు కొట్టి ఎవరో ఒకరు పట్టించుకునేవాళ్ళు అన్నారు. శ్రీను గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. వాదించి లాభం లేదు. పదిహేను గోతాలూ నేనే దించుతానని ఒప్పుకున్నాను. నేనంటే శ్రీను అన్నమాట. పాత గైడులూ, శుభలేఖల నమూనాలూ, ఎవరూ తీసుకెళ్ళని క్యాలెండర్లూ ఒక్కో గోతాం కిందికొస్తూంటే, దుమ్ముకి వీధిలోవాళ్ళు తుమ్ముతున్నారు. పన్నెండో గోతాంలో దొరికింది.

అట్ట తీశాను. తెల్లకాగితం ఉంది. రాఘవయ్య గారి చేతిరాత ఉంది. ‘ఒత్తు కాపాడినవాడికి.’ నా కాపీ. సిరా కాస్త గోధుమరంగు తిరిగింది అంతే. దాని మీద మూల నుంచి మూలకి ఒక గీత, పక్కన ఆకుపచ్చ ఇంకుతో ‘ఈ పుట వేయవద్దు’ అని ఉంది. ఆ ఆకుపచ్చ ఎవరిదో నన్నడగక్కర్లేదు. గెజిటెడ్ హోదా వచ్చిన నాటి నుంచి లెక్చరరు గారు ఆకుపచ్చ ఇంకు తప్ప వాడలేదు. కూతురి పెళ్ళి శుభలేఖ మీద నా పేరు కూడా ఆకుపచ్చలోనే రాశారు. నా పుస్తకాన్ని రెండో ముద్రణకి ప్రెస్సు కాపీగా ఇక్కడ పడేశారన్నమాట. పేజీ పేజీకీ ఆకుపచ్చ సూచనలే. నిలబడే ఒక్కో పేజీ తిప్పుతూ పోయాను. నాంచారమ్మ గారు స్టూలు నా వైపు జరిపారు.

చివరి పేజీ తీశాను. “కల్ల.” ఒత్తు నల్లగా, నిండుగా, నేను వదిలిపెట్టినట్టే ఉంది. దాని మీద అడ్డంగా ఆకుపచ్చ గీత. మార్జిన్లో, తీసేయమని కంపోజిటరుకి చెప్పే గుర్తు. ఆ గుర్తు ఆయనకి నేర్పింది నేనే. ప్రూఫులు ఎలా దిద్దుతారో చూపించమని మా ప్రెస్సుకొస్తే, టీ తెప్పించి నేర్పాను.

ఒత్తు రాలిపోలేదు. బందరు కంపోజిటరు ఏ పాపమూ ఎరగడు, ఉన్నదున్నట్టు చేశాడు. ‘ఒత్తు కాపాడినవాడికి’ అన్న మాట చదివి, దాని అర్థమేంటో తెలిసి, ఆ పేజీ వద్దని రాసి, చివరికెళ్ళి ఆ ఒత్తునే కొట్టేశాడు ఒక తెలుగు లెక్చరరు. ఆ తర్వాత తను పుట్టించిన కలని తనే పది పేజీల్లో మెచ్చుకున్నాడు.

ఏముందందులో, అంతలా చూస్తున్నారు అని నాంచారమ్మ గారు అడిగితే ఆఖరి పేజీ చదివి వినిపించాను. వాళ్ళు అబద్ధమాడారనేగా, ఇందులో తెలియనిదేముంది అన్నారు. దీన్ని కల అని అచ్చేశారమ్మా ఇన్నేళ్ళూ అన్నాను. ఆవిడ పుస్తకం తన వైపు తిప్పుకున్నారు. “అదేంటండీ, జైలుకెళ్ళొచ్చినోడు కల అంటాడా?” అన్నారు. డాక్టరేట్లిచ్చే కమిటీల్లో ఈవిడ ఉండాల్సింది.

రెండు పేజీలకీ ఫొటోలు తీసి హారికకి పంపాను. గోతాలకి ఆవిడ అడిగింది ఇచ్చేశాను. మిగిలినవన్నీ పాత కాగితాల కాటా షాపులో వేసి, వచ్చింది ఉంచుకోమంటే శ్రీను ఆటో కిరాయి తగ్గిస్తానన్నాడు, తగ్గించలేదు. కోనేరు సెంటరు దగ్గర ఒక మెస్సులో దింపాడు. వంద చిల్లరకి శుభ్రమైన భోజనం, చేపల పులుసు విడిగా చెప్పుకోవాలి. ఒంటిగంట దాటితే పులుసు ఉండదు. రెండో వాయి కలుపుకుంటూండగా హారిక ఫోను చేసింది. ఎడమచేత్తో పట్టుకున్నాను.

ముందు ఫొటోలు అందాయంది. తర్వాత, ఇక అనుమానం లేదు మాస్టారూ, ‘కల్ల’ అనే వేస్తున్నాం అంది. నా జీవితంలో నేను గెలిచిన కేసు అదొక్కటే. వడ్డించేవాడు పెరుగు తెచ్చి నిలబడితే, ఆగమని సైగ చేశాను. అప్పుడు హారిక, ముందుమాట మాత్రం అలాగే ఉంటుందండీ అంది.

ఏ ముందుమాట అన్నాను. ఆయనదే అంది. పిల్లలకి పరీక్షల్లో ప్రశ్నలొచ్చేది ఆ ముందుమాట నుంచే, అది లేకపోతే కాలేజీలవాళ్ళు పుస్తకం కొనరని వాళ్ళ ఓనరు అన్నాడట. ఆయన పోయారు కదండీ, ఇప్పుడు గొడవెందుకు అని కూడా అన్నాడట. రాఘవయ్య గారు మాత్రం బతికున్నారా అన్నాను. మెస్సులో నలుగురూ నా వైపు తిరిగారు.

“పది పేజీలు కల గురించి చదివి, ఆఖర్న కల్ల అని చూస్తే పిల్లలేమనుకుంటారమ్మా?”

 హారిక అబద్ధం చెప్పే పిల్ల కాదు.

“అచ్చుతప్పనుకుంటారండీ,” అంది.

ఫోను అయ్యాక మారు వడ్డించమంటారా అని మెస్సువాడు మెల్లగా అడిగాడు. నేను అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

మూడున్నర బస్సుకి తిరిగొస్తూ మళ్ళీ ఫోను చేసి ఒకటి సాధించాను. చివరి పేజీకి ఎదురుగా, రాఘవయ్య గారి చేతిరాత ఉన్న తెల్లకాగితం ఫొటో వేస్తారు. వేయవద్దని రాసిన పేజీనే వేస్తారు. రంగులో వేయగలరా అని అడిగాను. ఖర్చెక్కువ, నలుపులోనే అంది. అంటే ఆకుపచ్చ కూడా నల్లబడిపోతుంది. ఎవరు కొట్టేశారో చూసేవాళ్ళకి తెలియదు. రాఘవయ్య గారే తన పేజీ తను కొట్టేసుకున్నారని రేపెవడో దాని మీదా ఒక వ్యాసం రాస్తాడు.

పామర్రు దాటాక పొద్దు వాలుతూండగా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చివరి పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమాను. సీసపు అచ్చులో అక్షరం కాగితం వెనక్కి కొద్దిగా పొడుచుకొస్తుంది. ఒత్తు వేలికి తగిలింది. ఇంకుతో కొట్టేసినా అది లోపలికి దిగి ఉంది. మొదటి ముద్రణల పిచ్చేంటని అడిగేవాళ్ళకి ఇంతకాలం ఏవేవో చెప్పాను, అరుదనీ, విలువనీ. అవన్నీ పైపై మాటలు. మనిషి ఒక మాట అన్నాడు. అన్నది అన్నట్టు ఉన్న చోటు ఈ లోకంలో ఆ ఒక్క పుస్తకమే. చదువూ పదవీ ఉన్నవాడు వచ్చి దాన్ని దిద్దేస్తే, ఆ తర్వాత అందరూ దిద్దినదాన్నే వల్లిస్తారు. లస్కరు రెండోసారి జైలుకెళ్ళాడు. ఈసారి కేసు కూడా లేకుండా వెళ్ళాడు. అన్నేళ్ళూ నేను నోరు మూసుకోలేదు, నిజమే. కానీ తిట్టాల్సినవాణ్ణి తిట్టలేదు. ఇంట్లో కాఫీ తాగిన మనిషి అలా చేస్తాడని తోచలేదు.

పాత నవలల కోసం తిరిగేవాళ్ళకి ఒక్క సలహా. మొదటి ముద్రణ ఎవరికీ అరువివ్వకండి. ఇవ్వక తప్పకపోతే, తీసుకెళ్ళేవాడి పేరు ఆ పుస్తకం లోపలే, చెరగని ఇంకుతో, వాడి ఎదురుగానే రాయండి. తర్వాత అది ఏ అటక మీద దొరికినా ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూసినవాడికి తెలుస్తుంది. భవానీపురం అరుగు మీద ఆ రోజు నేను రాయలేదు. నిన్న రాత్రి రాశాను, రాఘవయ్య గారి సంతకం కిందే, నల్ల ఇంకుతో: తీసుకెళ్ళినవారు, పెనుమూడి సత్యానందం.